పరదేశ సేవాయాత్రలు - త్రోవలోని చిక్కులు

సెలవు దినములలో పరదేశములకు పోయి, అచ్చటి పాఠశాలలలోను, వైద్యశాలలలోను, అనాథ శరణాలయములలోను పదునైదు దినములో, నెల దినములో స్వచ్ఛందముగా పనిచేసి వచ్చు యువకులు మనలో నిప్పుడు కలరు. వారు తిరిగి వచ్చిన పిమ్మట సభ జరుగును. వక్త లేచి మొట్టమొదట చెప్పునది తాము చేసిన పనిని గూర్చి కాదు, త్రోవలోని చిక్కులను గూర్చి. ఒక విమానము ఆలస్యమై రెండవ విమానము తప్పిపోయె ననియు, తాము ఒక దేశమున దిగగా పెట్టెలు వేఱొక దేశమున దిగె ననియు, రాత్రియంతయు బల్లలపై కూరుచుండి జాగరము చేసితి మనియు చెప్పుదురు. సభవారు నవ్వుదురు. తుదకు పనిని గూర్చి చెప్పుటకు వేళ మిగులదు.

ఈ కథలను విన్నవారు మూడు తెగలుగా నుందురు. బయలుదేరునపుడే తుమ్ము వినబడెను గదా యని శకునము నెన్నువా రొక తెగ. మంచి పనికి సాతాను పెట్టిన అడ్డంకి యనువారు రెండవ తెగ. ఇదియంతయు దేవుడు మన మేలుకొఱకే జరిపిన యేర్పాటని వెంటనే తీర్పు చెప్పువారు మూడవ తెగ. ఈ మూడు తెగలవారును చిక్కునకు అర్థము చెప్పుటకు తొందరపడుచున్నారే కాని, ఆ చిక్కులో మనుష్యు లెట్లు ప్రవర్తించిరో విచారించుట లేదు.

మా యభిప్రాయ మిది. సేవ గమ్యస్థానమున మొదలగునని తలంచుట సరికాదు. ఇల్లు విడిచిన గడియనుండియే అది మొదలగును. త్రోవలో కలుగు చిక్కు సేవకునకు మొదటి పరీక్ష. ఆ పరీక్షలో ప్రశ్నలు మూడే కలవు. ఈ చిక్కునకు కారణమేమి? ఇందు మనకు సాయపడినవా రెవరు? మనతోపాటు చిక్కుకొన్నవారికి మనమేమి చేసితిమి? పూర్వుల యాత్రలను ఈ మూడు ప్రశ్నలతో చదివి చూచిన యెడల మన బాలబాలికలకు చాల ప్రయోజనము కలుగును.

అపొస్తలుల కార్యములలోని 27వ అధ్యాయమును మన విద్యార్థులు పలుమాఱులు వినియే యుందురు. పౌలును రోమాకు కొనిపోవుచున్న యోడలో 276 మంది యుండిరి. ఆ యోడ పగిలిపోవుటకు గాలి యొక్కటియే కారణము కాదు. ప్రయాణమునకు కాలము మించినదనియు, ముందునకు పోయిన యెడల నష్టము కలుగుననియు పౌలు ముందే చెప్పెను. శతాధిపతి యతని మాట కంటె నావికుని మాటను, ఓడ యజమానుని మాటను ఎక్కువగా నమ్మెను. ఇది మొదటి ప్రశ్నకు ఉత్తరము. తుపాను పట్టుకొనిన పిమ్మట పౌలు, నా మాట వినవలసియుండెనని యొక్కమాఱు మాత్రము చెప్పి, వెంటనే ధైర్యము చెప్పుటకు పూనుకొనెను. పదునాలుగు దినములు తిండిలేక డస్సియున్నవారిని తినుడని బ్రతిమాలి, తాను ముందుగా రొట్టె విఱిచి తినెను. ఇది మూడవ ప్రశ్నకు ఉత్తరము. ఇక రెండవది. ఓడ బ్రద్దలై అందఱును మెలితే ద్వీపమున ఒడ్డుచేరినపుడు, వారి భాష నెఱుగని ద్వీపవాసులు వానలో, చలిలో వారికి నిప్పు రాజవేసి చేర్చుకొనిరి. బోధింపవచ్చినవాడు మొదట చలి కాచుకొనవలసిన యతిథి యయ్యెను. అయినను అతడు ఊరకే కూరుచుండలేదు. మోపెడు పుల్లలేరి తెచ్చి తానును ఆ నిప్పుమీద వేసెను. ఆ పుల్లల మోపులోనే సేవాధర్మ మంతయు ఇమిడియున్నదని మేము తలంతుము. సాయమును పొందుటకు సిగ్గుపడరాదు, పొందుచునే చేతనైన పనిని చేయక మానరాదు.

ఇక మన దేశమునకు వచ్చిన యొకరి యాత్రను చూతము. విలియం కేరీ 1793వ సంవత్సరము వసంతకాలమున ఇంగ్లండులో ఎర్ల్ ఆఫ్ ఆక్స్‌ఫర్డ్ అను ఓడ నెక్కెను. అతని భార్య డొరతీ నిండుచూలాలై యుండి వెంట రానని చెప్పగా, పెద్దకుమారుడగు ఫీలిక్సును మాత్రము వెంట తీసికొనెను. ఓడ తోడి నౌకలకొఱకు రేవునొద్ద కొన్ని వారములు నిలిచియుండెను. ఇంతలో, ఈస్టిండియా కంపెనీవారి యనుమతి పత్రములేనివాడు ఓడలో కలడని కప్తానునకు ఒక ఆకాశరామన్న జాబు వచ్చెను. కేరీయు, అతని తోడివాడగు వైద్యుడు జాన్ థామసును సామానుతో గట్టున దింపబడిరి. చిక్కునకు కారణము స్పష్టముగనే యున్నది. కంపెనీవారి యనుమతి దొరకునది కాదు. అది లేకయే పోవుటకు వారు సాహసించిరి. థామసునకు అప్పుల బాధ కూడ నుండెను.

వారు నిరాశపడి కూరుచుండలేదు. వేఱొక యోడను వెదకిరి. ఈ నడుమ డొరతీకి ప్రసవమయ్యెను. మరల పోయి యడుగగా, తన చెల్లెలు వెంట వచ్చు నియమముమీద ఆమె బయలుదేరుట కొప్పుకొనెను. జూన్ 13వ తేదీన డోవరు రేవున డేనిష్ ఓడ యగు క్రోన్ ప్రిన్సెస్సా మరియా నెక్కి, నవంబరు 11వ తేదీన అందఱును కలకత్తా చేరిరి. దాదాపు అయిదు నెలల ఆ ప్రయాణములో కేరీ థామసునొద్ద బంగాళీ భాషను నేర్చుకొన మొదలుపెట్టెను. కలకత్తాలో చేతి డబ్బు అయిపోయి, తలదాచుకొన చోటు లేక యున్నపుడు నీలూ దత్తు అను బంగాళీ వడ్డీవర్తకుడు మాణిక్‌తలాలోని తన చిన్న యింటిని అద్దె లేకయే వారికిచ్చెను. తరువాతి కాలమున బైబిలును అనేక దేశభాషలలో వెలువరించిన ఆ మహాశయుడు మన దేశమున మొదట తలదాచుకొన్నది ఒక హిందువు దయచేత. ఈ సంగతిని ఎందఱు వక్తలు చెప్పుచున్నారు?

ఇచ్చట ఒక హెచ్చరిక చేయవలసియున్నది. మొదటి ఓడనుండి దింపబడుటచేతనే కుటుంబమంతయు ఏకమయ్యెను, కావున అది మేలే యని చెప్పుట సులభము. కాని ఆ కుటుంబమునకు పిమ్మట జరిగినదేమి? 1794లో చిన్నవాడగు పీటరు రోగముచే మరణించెను. డొరతీకి మతి చలించి, 1807లో ఆమె చనిపోవువఱకు స్వస్థత కలుగలేదు. ఆమె మొదట రానని చెప్పిన మాటలో ఎంత వివేకము కలదో మన మెట్లు చెప్పగలము? ఒకరికి మేలైన చిక్కు వేఱొకరికి కీడు కావచ్చును. త్రోవలో జరిగిన దానికెల్ల మంచి యర్థమును అతికించుట భక్తి కానేరదు.

ఈ మాటకు హేరియట్ న్యూయెల్ కథ సాక్ష్యము. 1812 ఫిబ్రవరిలో అమెరికాలోని సేలం రేవునుండి కారవాన్ అను ఓడపై జడ్సను దంపతులును, న్యూయెల్ దంపతులును బయలుదేరి జూన్ నెలలో కలకత్తా చేరిరి. కంపెనీ ప్రభుత్వము వారిని నిలువనీయలేదు. హేరియట్ భర్తతో మారిషసు దీవికి బయలుదేరెను. ఆ ప్రయాణములో తుపానులు. నెలలు నిండకయే బిడ్డ పుట్టి కొన్ని దినములలో సముద్రముమీదనే చనిపోయెను. నవంబరు 30వ తేదీన ఆమెయు పోర్ట్ లూయిసులో కన్ను మూసెను. అప్పటికామె వయస్సు 19 ఏండ్లు. మా పై తరగతులలోని బాలికలకంటె రెండు మూడేండ్లు మాత్రమే పెద్దది. ఏ పనికై బయలుదేరెనో ఆ పనిలో ఒక్క దినమైన చేయకయే ఆమె జీవితము ముగిసెను. ఆమె చరిత్రను చదివి అనేకులు ఆ పనికి పూనుకొనిన మాట నిజమే. అయినను ఆ మరణము మరణమే. దానిని తక్కువచేసి చెప్పుటకు మనకు హక్కు లేదు.

జడ్సను దంపతులు మారిషసు చేరి ఈ వార్త విని, అచ్చటనుండి 1813 జూన్‌లో మన మద్రాసునకు వచ్చిరి. ఇచ్చటను ప్రభుత్వము వారిని పట్టి పంపివేయునను భయము. అప్పుడు రేవులో సిద్ధముగా నున్న యోడ రంగూనునకు పోవునది. అది జీర్ణించిన ఓడ. తోడుగా కుదిర్చిన దాది ఓడ యెక్కిన కొలది కాలములోనే చనిపోయెను. ఆన్ జడ్సనునకు బిడ్డ చనిపోయి పుట్టెను. జూలై 13వ తేదీన రంగూనులో వారిని చేర్చుకొన్న యిల్లు ఎవరిది? కేరీ కుమారుడగు ఫీలిక్సుది. తండ్రితో మొదటి ఓడనుండి దింపబడిన బాలుడే యతడు. ఆ సమయమున అతడు ఇంట లేకున్నను, బర్మాలో పుట్టిన యతని భార్య వారిని ఆదరించెను. జడ్సను ఆ దేశమున నిలిచి 1834 నాటికి బైబిలునంతయు బర్మా భాషలోనికి తెచ్చెను. త్రోవలో ఒకరు పెట్టిన ముద్ద మఱియొకరి త్రోవలో ఎట్లు పనికివచ్చునో ఇందు చూడవచ్చును.

కొన్ని యాత్రలు గమ్యమునే చేరవు. లండన్ మిషనరీ సొసైటీవారి డఫ్ అను ఓడ 1797 మార్చిలో తాహితీ ద్వీపమునకు సురక్షితముగా చేరెను. మరల 1798 చివర బయలుదేరిన అదే యోడను 1799 ఫిబ్రవరిలో బ్రెజిలు తీరమునొద్ద ఫ్రెంచివారి ప్రైవేటీరు ఓడ పట్టుకొనెను. అందలి సేవకులును, స్త్రీలును, బిడ్డలును మాంటివిడియోకు కొనిపోబడి, తిరుగు త్రోవలో పోర్చుగీసువారి చేతికి మరల చిక్కి, లిస్బనుమీదుగా బయలుదేరిన చోటికే వచ్చిరి. రెండు యాత్రలకును ఓడ యొక్కటే. భక్తిగలవారి యోడ మునుగదనియు, మునిగిన యోడలోనివారికి భక్తి లేదనియు చెప్పువారు ఈ రెండు యాత్రలను ప్రక్కప్రక్కన పెట్టి చూతురు గాక.

మన తెలుగునాటికి వచ్చినవారికిని త్రోవ సుఖముగా నుండలేదు. ఫాదర్ హయ్యరు 1841 అక్టోబరులో బాస్టను రేవు విడిచి 1842 జూలై 31వ తేదీన గుంటూరు చేరెను. తొమ్మిది నెలలకు మించిన కాలము. నేడు అంత దూరమును రెండు దినములలోపల దాటుచున్నాము. పన్నెండు గంటల ఆలస్యమును మహావిపత్తుగా వర్ణించు మన యువకులు ఈ లెక్కను జ్ఞప్తియందుంచుకొనుట మంచిది.

నేటి చిక్కులలో చాలవఱకు దైవికములు కావు, కాగితములకు సంబంధించినవి. యాత్ర ముగియు నాటికి పాస్‌పోర్టునకు ఆఱునెలల గడువు మిగిలియుండవలయునని అనేక దేశములు కోరును. ఆఫ్రికాలోని పెక్కు దేశములకు పోవువారు పచ్చజ్వరపు టీకా వేయించుకొని పత్రము చూపవలయును. ఆ పత్రము టీకా వేసిన పదియవ దినమునుండియే చెల్లును. ప్రయాణమునకు ముందునాడు పరుగెత్తిన ప్రయోజనము లేదు. ఆ పత్రము లేక తిరిగి వచ్చినవారిని మన ప్రభుత్వము ఆఱు దినములవఱకు ప్రత్యేకముగా నుంచవచ్చును. పెట్టె రానియెడల విమానాశ్రయము విడువకముందే వ్రాతమూలకముగా తెలిపి రసీదు పుచ్చుకొనవలయును. 21 దినములలోపల రాని సామానును పోయినదానిగా ఎంచవచ్చునని 1999లో మాంట్రియలు నగరమున కుదిరిన యొడంబడిక చెప్పుచున్నది. 2009 నుండి మన దేశమును అందు చేరియున్నది. ఈ పనులు చేయక, దేవుడే చూచుకొనునని బయలుదేరుట విశ్వాసము కాదు, సోమరితనము.

ఎంత జాగ్రత్త పడినను తప్పని చిక్కులును కలవు. 2010 ఏప్రిలులో ఐస్‌లాండులోని యొక అగ్నిపర్వతము బూడిద క్రక్కగా యూరపుఖండమున చాలభాగమునందు దాదాపు ఆఱు దినములు విమానములు నిలిచిపోయెను. 2020 మార్చిలో కోవిడు వ్యాధి వలన మన దేశమునకు వచ్చిపోవు ప్రయాణికుల విమానములన్నియు ఆగిపోయెను. 2001 సెప్టెంబరు 11వ తేదీన అమెరికా ఆకాశము మూతబడగా, కెనడాలోని గాండరు అను చిన్న యూరిలో 38 విమానములు దిగెను. పదివేల జనము కూడ లేని ఆ యూరివారు 6,000కు మించిన పరదేశులకు కొన్ని దినములు అన్నము పెట్టిరి. పాఠశాలలు సత్రములయ్యెను. సమ్మెలో నున్న బడిబస్సుల డ్రైవర్లు సమ్మె మాని బండ్లు తోలిరి. ఆ యూరివారు ఏ దేశమునకును సేవాయాత్ర పోలేదు. సేవయే వారి వాకిటికి వచ్చెను.

ఇక మూడవ ప్రశ్న. మన విమానాశ్రయములలో మన యువకులతోపాటు బారులో నిలుచున్నవారెవరు? జగిత్యాలనుండియు, నిజామాబాదునుండియు, కడపనుండియు, కోనసీమనుండియు గల్ఫు దేశములకు కూలికి పోవు మన తెలుగువారు. ఇంటి పనికై పోవు స్త్రీలు. వారిలో అనేకులకు ఇంగ్లీషులోని పత్రములను పూరించుట రాదు. ఏ ద్వారమునొద్దకు పోవలయునో తెలియదు. విమానము ఆలస్యమైన యెడల అడుగుటకు నోరు రాదు. ఒకే రంగు చొక్కాలు తొడిగి, సేవ యను మాటను ఱొమ్ముపై అచ్చు వేయించుకొన్న మన బృందము వారి ప్రక్కనే కూరుచుండి, తమ విమానము ఆలస్యమైనదని విసుగుకొనుచు, చిత్రములు తీసికొనుచుండిన యెడల ఆ సేవకు అర్థమేమి? ఒక తల్లికి కాగితము పూరించి యిచ్చుట, ఒక కూలివానికి ఇంటితో మాటలాడుటకు సెల్‌ఫోను ఇచ్చుట, భయపడుచున్న ముసలివానిని ద్వారమువఱకు తీసికొనిపోవుట, ఇవి సేవలు కావా? త్రోవలోని తెలుగు కూలివానిని చూడలేని కన్ను, సముద్రమునకు ఆవల నున్న బీదవానిని మాత్రము చూడగలదని మేము నమ్మజాలము.

మఱియొక విషయము. మన యాలస్యము మన యొక్కరి కష్టము కాదు. అచ్చట మనకొఱకు అద్దె బండి తెచ్చి రాత్రియంతయు కాచుకొనియున్న గ్రామస్థు డొకడుండును. వండిన అన్నము చల్లారిపోవగా మరల పొయ్యి రాజవేసిన తల్లి యొకతె యుండును. ఆ దినము పోయిన కూలి వారికి ఎవరు ఇత్తురు? మన వక్తలు తాము బల్లపై పడుకొన్న రాత్రిని వర్ణింతురు, ఆ తల్లి మేలుకొన్న రాత్రిని వర్ణింపరు. ఏరు దాటి తెప్ప తగులబెట్టిన చందమున, త్రోవలో ఆదుకొన్నవారి పేళ్లుకూడ మఱచుట మనకు తగదు.

ఇంట గెలిచి రచ్చ గెలువుమనిరి గదా, మన యూరనే బీదలుండగా ఇంత ధనము వెచ్చించి పరదేశములకు పోనేల యని కొందఱు పెద్దలు అడుగుదురు. ఈ ప్రశ్న న్యాయమైనదే. ప్రయాణపు వ్యయముతో పోల్చిన యెడల పదునైదు దినముల పనియొక్క విలువ స్వల్పమే. కావున తాము మహోపకారము చేయబోవుచున్నామను తలంపుతో పోవువారు పోకుండుటయే మేలు. కాని పరుల యింట అతిథియై, భాష తెలియక, చేయిచాచి సాయము నడిగి, ఆ సాయము రుచి యెఱిగి తిరిగివచ్చినవాడు మన యూరి బీదవానితో మునుపటివలె మాటలాడడు. ఇచ్చువాని గర్వము వానిని విడిచిపోవును. ఆ లాభము చేకూరునని తోచిన యెడల పంపవచ్చును. లేనియెడల ఆ ధనమును ఇచ్చటనే వెచ్చింపవలయును.

విద్యార్థులారా! మీరు యాత్రకు పోవునపుడు ఒక చిన్న పుస్తకమును జేబులో నుంచుకొనుడు. చిక్కు కలిగినపుడు దాని కారణమును ఒక్క వాక్యములో వ్రాయుడు. సాయపడినవారి పేరును, ఊరును వ్రాయుడు. మీరు సాయపడినది వ్రాయనక్కఱలేదు, అది చేయుడు. ఇల్లు చేరిన వారములోపల ఆ పేళ్లన్నిటికి కృతజ్ఞతతో ఉత్తరములు పంపుడు.

తలిదండ్రులకు మా మనవి. తుమ్ములను, శకునములను మాని, మీ బిడ్డల పత్రములను మీరే మఱియొకమాఱు చూడుడు. విమానము తప్పినదని బిడ్డ ఏడ్చుచు ఫోను చేసినపుడు, అచ్చటివారిని తిట్టుటకు మాఱుగా, నీ ప్రక్క నున్నవా రెట్లున్నారని యడుగుడు. ఆ యొక్క ప్రశ్న బిడ్డకు కొండంత ధైర్యమిచ్చును.

యాత్రలను నడపు పెద్దలకును ఒక మాట. వ్యయపు పద్దులలో ఆలస్యములకై కొంత సొమ్మును వేఱుగా నుంచి, అందులోనుండి మనకొఱకు కాచుకొన్నవారి కూలిని, బండి యద్దెను తప్పక చెల్లింపవలయును. ఓడనుండి దింపబడినను, విమానము తప్పినను, గట్టున మనుష్యు లుందురు. వారిని చూచుట నేర్చుకొన్నవాడు తాను తలపెట్టిన యూరు చేరకపోయినను, ఇల్లు విడిచినందుకు ప్రయోజనమును పొందినవాడే యగును.